బేబి చెప్పిన ఏడో రోజు కథ

నలభై దాటిన మనిషిని బేబి అని పిలవడం కొత్తవాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది. కువైట్‌లో, సబా అల్ సలేం అనే పేటలో ఆవిడ పనిచేసే ఇంట్లో ఆ నవ్వు మొదటి రోజే మొదలైంది. పాస్‌పోర్టు మీద పేరు చదివిన ఇంటి యజమానురాలు ఉమ్ బదర్, "నువ్వే బేబివైతే నిన్నెవరు ఎత్తుకోవాలి?" అని పకపకా నవ్వింది. అప్పటికి బేబికి అరబ్బీ ముక్క రాదు. ఎదుటి మనిషి నవ్వుతోంది కదా అని తానూ నవ్వింది. ఆ నవ్వుతోనే ఆ ఇంట్లో కుదురుకుంది. ఇంటావిడను అక్కడి పనివాళ్ళందరిలాగే మామా, అంటే అమ్మా అని పిలవడం నేర్చుకుంది. ఊరికి ఫోన్ చేసి, "మామా మంచోరేనండీ, నన్ను బాగా చూసుకుంటన్నారు" అంటే, అంబాజీపేటలో ఆటో తోలుకునే మొగుడు వెంకటసత్యనారాయణ ఆటో రోడ్డు పక్కకు ఆపేశాడు. తర్వాత "ఏ మావే? ఎవరి మావ?" అని కేకలేశాడు. ఆ ముచ్చట చెప్పి బేబి ఇప్పటికీ జనాన్ని నవ్విస్తుంది.

నవ్వించడం ఆవిడకు ఇంటి విద్య. తండ్రి అచ్చిబాబు బుర్రకథ దళంలో వంత. బుర్రకథలో తంబురా భుజాన వేసుకుని నడుమ నిలబడి కథ నడిపేది ఒకరైతే, గుమ్మెటలు వాయిస్తూ చెరో పక్కా నిలబడే వంతలు ఇద్దరు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ ఏ యుగంలో జరుగుతున్నా సరే, రాజకీయం చెప్పేవాడు మధ్యలో ఆపి, మన ఊరి రోడ్డు సంగతేమిటి, రేషను షాపులో తూకం సంగతేమిటి అని అడగవచ్చు. అచ్చిబాబుది రాజకీయం. సారా మీదా, కాంట్రాక్టర్ల మీదా, సర్పంచుల మీదా ఆయన వేసిన చురకలకు జనం ఈలలు వేసేవారు. చురక తగిలిన సర్పంచే మర్నాడు పిలిచి కాఫీ ఇచ్చేవాడు. "తిట్టు కడుపులో పెట్టుకుంటే పుండవుద్ది, పాటలో పెడితే పండవుద్ది" అని కూతురితో అనేవాడు ఆయన. చిన్నప్పుడు బేబి ఆయన వెంట గోదావరి లంకల్లో ఊరూరా తిరిగింది. దరువులు నోటికి వచ్చేశాయి. తండ్రి పోయాక దళం చెదిరిపోయింది.

కువైట్ వచ్చాక చాలా కాలం ఆవిడ పాట వంటగది దాటలేదు. మచ్‌బూస్ అన్నం దమ్ము మీద ఉన్నంతసేపూ గరిటెతో గిన్నె మీద దరువు వేసుకునేది. మామా వచ్చి, "బేబీ, ఆ గిన్నె ఏం తప్పు చేసింది?" అనేది.

ఉమ్ బదర్ చెడ్డ మనిషి కాదు. శుక్రవారం సెలవు మొదటి ఏడే ఇచ్చింది. కాకపోతే సెలవు ఇచ్చిన మనిషి ఫోన్ మాత్రం ఆపేది కాదు. బేబి బస్సు దిగేలోపే ఒకసారి, ఇడ్లీ నోట్లో పెట్టుకునేటప్పుడు ఒకసారి, కునుకు తీసేటప్పుడు ఒకసారి మోగేది. ఏలకులెక్కడ, నూరా తెల్ల బట్టలెక్కడ, పెద్ద మామా మందులెక్కడ. పెద్ద మామా అంటే ఉమ్ బదర్ అత్తగారు. ఎనభై దాటినా చెవులూ నాలుకా పదునుగా ఉన్న మనిషి. నూరా అంటే యూనివర్సిటీలో చదివే కూతురు.

శుక్రవారాలు బేబి వెళ్ళేది వెంకటదుర్గ గదికి. దుర్గది పాలకొల్లు. బ్యూటీ పార్లర్‌లో పని. ఆ గదిలో గోదావరి వాళ్ళూ, కడప వాళ్ళూ చేరి పులుసులు వండుకుని, జడలు వేసుకుని, ఊళ్ళకు వీడియో కాల్స్ చేసుకుని, సాయంత్రానికి మళ్ళీ ఎవరి ఇళ్ళకు వాళ్ళు చేరేవారు.

ఆ గదికి ఎన్నడూ రాలేనిది పుష్పలత. అన్నమయ్య జిల్లా లక్కిరెడ్డిపల్లె పిల్ల. ముబారక్ అల్ కబీర్‌లో ఉమ్ ఫైసల్ ఇంట్లో పని. ఉమ్ ఫైసల్ అంటే పెద్ద మామా కూతురు, ఉమ్ బదర్‌కు ఆడపడుచు. తల్లిని చూడడానికి గురువారం గురువారం వచ్చేది, పుష్పలతను వెంటబెట్టుకుని. ఆ పూట వంటగదిలో బేబీ, పుష్పలతా పక్కపక్కన నిలబడి సమోసాలు వేయిస్తూ కబుర్లు చెప్పుకునేవారు.

"రేపైనా వస్తావేటే?" అని బేబి ప్రతిసారీ అడిగేది.

"మా మామాని అడిగినాక్కా. వచ్చే వారం అనింది."

"పోయినారమూ అదే అందిగా?"

"ప్రతి వారమూ అదే అంటాదిలే. ఫోనూ అంతే. శుక్రవారం కాసేపు ఇచ్చి మళ్ళా అలమరాలో పెట్టి తాళమేస్తాది. బయట తిరిగితే చెడిపోతానంట, ఫోన్లో ఎవురో మాయ జేస్తారంట."

ఉమ్ ఫైసల్ తిండికి లోటు చేసేది కాదు, పండక్కి బట్టలు పెట్టేది, జ్వరం వస్తే పక్కనే కూర్చునేది. ఒక్క సెలవు దగ్గరే ఆవిడ గుండె రాయి. వారానికొక రోజు సెలవు ఇవ్వాలని చట్టంలో ఉందని, ఫిర్యాదు చేసుకోవడానికి ఆఫీసు కూడా ఉందని బేబి ఓసారి చెప్పింది.

"కంప్లైంట్ ఇస్తే వీసా ఇచ్చిన కఫీల్‌కి కోపమొస్తాది. కోపమొస్తే ఈడ ఉండేదానికిచ్చిన ఇఖామా కాయితం ఏమయితాదో. వొద్దులేక్కా, నాకు గొడవలొద్దు" అంది పుష్పలత.

గొడవ లేకుండా ఒక మాట అవతలివాళ్ళ చెవిన వేయడం ఎలాగా అన్న ఆలోచన ఆ రోజునుంచీ బేబి మనసును తొలవసాగింది.

ఆ ఏడాది ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళు ఒక స్కూలు ఆడిటోరియం తీసుకున్నారు. కార్యక్రమాలు చూసే రమేష్‌బాబు ఏదో కంపెనీలో ఇంజనీరు. మంచివాడే గానీ ప్రతిదానికీ భయం. సినిమా డాన్సులు ఎక్కువైపోయాయి, ఏదైనా జానపదం ఉంటే బాగుంటుందని ఆయన అందరినీ అడుగుతుంటే, దుర్గ బేబి పేరు చెప్పింది. ఆయన ఫోన్ చేశాడు.

"బుర్రకథ అంటే చాలా సంతోషమండీ. మరి ఎంతమంది కావాలి?"

"ముగ్గురమండీ. కథకి నేను. హాస్యానికి దుర్గ. రాజకీయానికి ఇంకోరిని చూసుకోవాలండి."

అవతల ఆయన గొంతు సన్నబడింది. "అమ్మా, రాజకీయం మాత్రం వద్దండీ. మనం పరాయి దేశంలో ఉన్నాం. స్టేజీ మీద రాజకీయం మాట్లాడామంటే హాలు పర్మిషన్ పోతుంది."

"ఆయ్, రాజకీయం లేకపోతే బుర్రకథెలాగండీ! పప్పులో ఉప్పెయ్యొద్దంటే ఎలాగ?" అని, అది వంత పేరని, దేశాల మీద మాటలు కావని బేబి నచ్చజెప్పేసరికి తాతలు దిగివచ్చారు. ఆయన చివరికి, "కథ దేని గురించి?" అని అడిగాడు.

"ఒక రాణిగారు, ఒక దాసీ, ఒక మాటకారి చిలకండి."

"ఆఁ, రాజుల కథైతే పర్లేదు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

రాజకీయానికి మనిషి కబ్ద్‌లో దొరికాడు. కబ్ద్ అంటే ఊరవతల ఎడారి, తోటలూ గొర్రెల దొడ్లూ ఉండే చోటు. అక్కడ ఒక తోటలో పనిచేసే రామాంజనేయులుది కడప వైపు. దుర్గ గదికి కూరగాయలు పట్టుకొచ్చేవాడు. గొంతు కంచు. చెక్కభజన చేసిన అలవాటుంది. సంగతి చెప్పగానే, "నేనా? నేను గొర్రెల్తో తప్ప మనుషుల్తో మాట్లాడి శానా రోజులైందక్కా" అన్నాడు. అన్నవాడే మరుసటి వారం రెండు గుమ్మెటలతో దిగాడు. పెద్ద పాలపొడి డబ్బాల అడుగులు కోసి, మేకతోలు బిగించి తయారుచేశాడు. విత్తనానికని తోటలో ఎండబెట్టిన సొరబుర్రకు కర్ర దూర్చి, తీగలు బిగించి తంబురా కూడా చేసి పెట్టాడు. అది పలికే శ్రుతి తంబురాదీ కాదు, వీణదీ కాదు. బేబి దాన్ని భుజాన పెట్టుకుని ఒకసారి మీటి, "పర్లేదురా తమ్ముడూ, దీనికీ దాని యాస ఉంది" అంది.

రామాంజనేయులు తలపాగాకు అరబ్బుల గళ్ళ తలగుడ్డ చుట్టుకుంటానన్నాడు. బేబి ఒప్పుకోలేదు. "వాళ్ళ తలగుడ్డతో ఎగతాళి చేత్తన్నామనుకుంటారు. మనం అనేది పనిని. మనిషిని కాదు, బట్టని అసలే కాదు." దుర్గ పాత పట్టుచీర చింపి ఎర్ర తలపాగా చేశారు.

కథంతా బేబి వంటగదిలోనే అల్లింది. ఉల్లిపాయలు తరుగుతూ ఒక చరణం, ఇస్త్రీ చేస్తూ ఒక చరణం. పుష్పలత మాటలే దాసి మాటలయ్యాయి. ఫోను చిలకైంది. ఉమ్ ఫైసల్ అలమరా రాణిగారి బీరువా అయింది. మధ్యలో పనిలో పనిగా ఉమ్ బదర్‌ను కూడా కాస్త కలిపింది. దాసికి సెలవిచ్చి పంపి, గడప దాటకముందే "ఏలకులెక్కడే?" అని కోట బురుజెక్కి అరిచే రాణి.

ఉగాది రోజు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో ఇంజనీర్లూ, డాక్టర్లూ, వాళ్ళ కుటుంబాలూ, ప్రముఖులకని ఆపిన కుర్చీలూ. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే చివరి వరుసల్లో. తెర లేచింది. నడుమ కుచ్చెళ్ళు దోపి, సొరబుర్ర తంబురాతో బేబి చిందేసింది. "తందాన తాన" అని వంతలిద్దరూ అందుకున్నారు.

*ఏడు సంద్రాలు దాటి వచ్చెరా చిన్నది,*
*ఏడు వాకిళ్ళ ఇల్లు ఊడ్చెరా చిన్నది,*
*ఏడు రోజులు వారమని విన్నదిరా గానీ*
*ఏడో రోజు ఎక్కడుందో కానలేదురా!*

రామాంజనేయులు గుమ్మెట ఆపాడు. "ఆగక్కా ఆగు! వారానికి ఏడు రోజులని అందరికీ తెల్సు. ఆ పిల్ల ఏడో రోజు యాడికి పోయినట్టు?"

దుర్గ మూతి తిప్పింది. "రాణిగారు చిలకతో పాటు బీరువాలో ఎట్టి తాళమేసేసుంటారు. రోజు కూడా చెడిపోద్దేమోనని!"

చివరి వరుసల్లోంచి ముందుగా ఒక నవ్వు, దాని వెనక వంద నవ్వులు. ముందు వరుసలు కూడా నవ్వాయి. తర్వాత ఏజెంటు బొంకయ్య వచ్చాడు. టైలరు పనని చెప్పి గొర్రెలకాపరిగా పంపే మనిషి. ఊళ్ళో కూర్చుని పెళ్ళాం పంపిన చిలకతో కొత్త చొక్కా ఫొటోలు దించుకునే మొగుడు వచ్చాడు. అందరికీ చురకలు పడ్డాయి. కథ ఊపందుకున్నాక రామాంజనేయులు మళ్ళీ అడ్డు తగిలాడు.

"అక్కా, ఆ రాజ్యంలో మన తెలుగోళ్ళంతా ఒకటేనా?"

"ఒకటే తమ్ముడూ, ఒకటే కుటుంబం!" అంది బేబి.

"మరేనండి, ఒకటే కుటుంబం" అంది దుర్గ, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని హాలు చివరకు చూస్తూ. "కాకపోతే కుటుంబంలో కొందరు బొత్తిగా దూరపు చుట్టాలు!"

ముందు వరుసల వాళ్ళు మెడలు తిప్పి వెనక్కి చూశారు. ముందు వరుసల్లో ప్రముఖుల కోసం ఉంచిన కుర్చీలు సగం ఖాళీగానే ఉన్నాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. తెర పక్కన నిలబడ్డ రమేష్‌బాబు చెవులదాకా ఎర్రబడ్డాడు. కథ అయిపోయాక మైకు తీసుకుని, నీళ్ళు నమిలి, "వెనకున్న అక్కచెల్లెళ్ళు ముందుకొచ్చి కూర్చోవాలి. కుర్చీలున్నాయి. మాకే తోచలేదు" అన్నాడు. తెర దిగాక బేబి దగ్గరికొచ్చి, "రాజుల కథ అన్నారు కదండీ" అన్నాడు. "రాజుల కథేనండీ, మధ్యలో మనం కూడా ఒచ్చేం అంతే" అంది బేబి. ఆయనకు నవ్వక తప్పలేదు.

ఎవరో దాన్ని వీడియో తీశారు. ఫోన్లలో పడి అది కువైట్ అంతా తిరిగింది. తిరిగి తిరిగి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నూరా ఫోన్లో తేలింది.

"బేబీ! ఇది నువ్వేనా?"

బేబి సలాడు గిన్నె బల్ల మీద పెట్టేసింది. కాదనడానికి లేదు, ముఖం తెర నిండా ఉంది. ఉమ్ బదర్ ఫోను లాక్కుని చూసింది. బేబి గంతులేస్తోంది, జనం నవ్వుతున్నారు. మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు. "మా ఇంట్లో ఇంత పెద్ద ఆర్టిస్టు ఉందని నాకు చెప్పనే లేదే! గురువారం మా వాళ్ళు వస్తారుగా. మా ముందు చెయ్యాలి. కథ అరబ్బీలో చెప్పాలి."

ఆ వారమంతా బేబికి అన్నం సయించలేదు. దుర్గకు ఫోన్ చేస్తే ఆవిడ హడలిపోయింది. "ఒద్దే బాబూ! రాణి ముందే రాణి కథా? దేవుడి పాటోటి పాడేసి దణ్ణం పెట్టెయ్." బేబికీ అదే మంచిదనిపించింది. గురువారం మధ్యాహ్నం దాకా దేవుడి పాటే పాడదామనుకుంది.

గురువారం హాల్లో బంధువుల ఆడవాళ్ళంతా చేరారు. టీ, తీపి రొట్టెలు, కబుర్లు. పెద్ద మామా మూలన మెత్త మీద కూర్చుని తస్బీ జపమాల తిప్పుకుంటోంది. ఉమ్ ఫైసల్ మధ్యలో దర్జాగా కూర్చుంది. బేబి సొరబుర్ర తంబురాతో వచ్చి నిలబడేసరికే అందరూ చప్పట్లు కొట్టారు. నూరా ఇంట్లో ఉన్న డప్పు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

బేబి దణ్ణం పెట్టి నోరు తెరిచింది. అప్పుడే తలుపు దగ్గర పుష్పలత టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి కనిపించింది. ఆ పిల్ల ముఖంలో బెంగా లేదు, ఏడుపూ లేదు. ఏం పాడుతుందో విందామన్న ఆత్రం, అంతే. దేవుడి పాట బేబి గొంతులోనే ఆగిపోయింది.

*ఏడు సంద్రాలు దాటి వచ్చెరా చిన్నది...*

దరువు పట్టడానికి నూరాకు ఎంతోసేపు పట్టలేదు. ఒక్కో చరణమూ తెలుగులో పాడి, ఆ వెంటనే తన వంటింటి అరబ్బీలో అర్థం చెప్పింది బేబి. రాణి నడక నడిచి చూపించింది. చిలకను బీరువాలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకోవడం చూపించింది. బురుజెక్కి ఏలకులెక్కడని అరవడం చూపించింది. ఆడవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఉమ్ ఫైసల్ అందరికన్నా ఎక్కువగా నవ్వి, పక్కావిడ తొడ మీద చరిచి, "వల్లా, దేవుడి మీద ఒట్టు, ఇది అచ్చం మా పక్కింటి ఉమ్ జాసిమే!" అంది. పక్కావిడ, "కాదు, మా తోడికోడలు" అంది. ఉమ్ బదర్ మాత్రం ఆడపడుచు వైపు ఓరగా చూసి, పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. ఏలకుల దగ్గర తానూ నవ్వింది తన మీదేనని ఆవిడకు తట్టినట్టు లేదు.

వంతలు లేక బేబికి రెండు పక్కలా బోసిగా ఉంది. అడగవలసిన ప్రశ్న తానే అడిగి, అలవాటుగా పక్కకు తిరిగింది. పక్కన ఎవరూ లేరు. తలుపు వైపు చూసి అరబ్బీలోనే కేకేసింది: "పిల్లా! వారానికి ఏడు రోజులు కదా? ఏడో రోజేదీ?"

పుష్పలత ఉలిక్కిపడింది. పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ పిల్ల పళ్ళేన్ని నడుముకు ఆనించుకుని, ఒక్క మాట అంది.

"మాకో."

లేదు అని. కువైట్‌లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ ముందుగా నేర్చుకునే మాట. అది అన్న తీరుకు గదంతా గొల్లుమంది. నూరా డప్పు కొడుతూ, "మాకో! మాకో!" అని మొదలెట్టింది. ఆడవాళ్ళంతా చప్పట్లతో అందుకున్నారు. బేబి "ఏడో రోజేదీ?" అంటే "మాకో!", "చిలకేదీ?" అంటే "మాకో!" అంబాజీపేట దరువుకు అరబ్బీ వంత అతికినట్టు కుదిరింది.

నవ్వులు సద్దుమణిగాక పెద్ద మామా తస్బీ ఒళ్ళో పెట్టుకుంది.

"మా అమ్మ కాలంలో మగవాళ్ళు ముత్యాల కోసం పడవలెక్కి నెలల తరబడి పోయేవాళ్ళు" అంది మెల్లగా. "రావలసిన రోజుకు రాకపోతే ఆడవాళ్ళంతా ఒడ్డుకు పోయి, పాటలు కట్టి సముద్రాన్ని తిట్టేవాళ్ళట."

"సముద్రం వినేదా పెద్ద మామా?" అని అడిగింది బేబి.

"మొదట్లో అదీ, నన్ను కాదులే, పక్కదాన్ని అనుకునేదేమో" అంది ముసలావిడ. అంటూ చూపు తిప్పి కూతురు ఉమ్ ఫైసల్ మీద నిలిపింది.

ఉమ్ ఫైసల్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆవిడ లేచి, పైన తొడుక్కునే అబాయా తెమ్మని పుష్పలతకు చెప్పి వెళ్ళిపోయింది. ఆ పిల్లకు మేలు చేయబోయి కీడు చేశానేమోనని బేబి ఆ వారమంతా దిగులుపడింది. తరువాతి గురువారం ఉమ్ ఫైసల్ ఒంట్లో బాగాలేదని రాలేదు. దిగులు రెట్టింపయింది.

ఆ మర్నాడు దుర్గ గదిలో చేపల పులుసు ఉడుకుతుంటే తలుపు చప్పుడైంది. తీస్తే పుష్పలత. కొత్త చున్నీ, చేతిలో తన ఫోను, రెండో చేతిలో ఖర్జూరాల డబ్బా.

"మా మామా పొద్దుగూకే మగ్రిబ్ బాంగు లోపల రమ్మనింది. డ్రైవరే దింపి పొయ్యినాడు" అంది గుమ్మంలోంచే.

గదిలో కేకలు మిన్నంటాయి. ఒకరు నీళ్ళిచ్చారు, ఒకరు పీట వేశారు. ఏమైందో చెప్పమని బేబి ఆ పిల్ల చెయ్యి వదలలేదు.

"ఆ పొద్దు కార్లో పోతాంటే మా మామా ఉన్నట్టుండి, ఆ రాణి నేనేనా అని అడిగిందక్కా. ఏం చెప్పాల్నో తెలీక 'మాకో మామా' అన్న్యా. ఆయమ్మ ఏమనుకున్యాదో, ఇంగ ఒకటే నవ్వడం. తర్వాత రోజూ ఏదో ఆలోచిస్తానే ఉన్న్యాది. నిన్న పిలిచి, పోతే ఎవురి గదికి పోతావు, ఎవురుంటారు, అన్నీ అడిగి, చిలకని చేతిలో పెట్టింది."

బేబి కళ్ళు తుడుచుకుంది. అదే సమయానికి ఆవిడ ఫోను కూడా మోగింది. ఉమ్ బదర్. ఒక్కసారి మోగి ఆగిపోయింది. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఏం లేదు బేబీ. ఏలకులు దొరికాయి." గదంతా పడీపడీ నవ్వారు.

అన్నాలు తిన్నాక పుష్పలత వీడియో మొత్తం మొదటిసారి కుదురుగా చూసింది. అందరూ ఆ పిల్ల ముఖమే చూస్తున్నారు. చూసి, ఫోను పక్కన పెట్టి, మూతి ముడిచింది.

"అంతా బాగుందిగానీ అక్కా, నన్ను ఎందుకట్లా ఏడిపిచ్చినావ్? కథంతా ఆ పిల్ల మూల కూచోని ఏడుస్తానే ఉంటాది. నేను ఏడవలా."

బేబి తెల్లబోయింది. "మరి చిలకని బీరువాలో ఎట్టేత్తే ఏడుపు రాదేటే?"

"ఎందుకొస్తాది? తాళంచెవి యాడ పెడ్తాదో నాకు తెల్సు. పగలు ఆయమ్మ పండుకున్న్యాక ఫోన్ తీసి మా పాపతో మాట్లాడి, మళ్ళా ఆడనే పెట్టేదాన్ని. ఒకపారి చార్జింగ్ అయిపోతే, చార్జింగ్ గూడా పెట్టి పెట్టినా. ఫోను అలమరాలో ఉన్నా ఎప్పుడూ ఫుల్లుగా ఎట్లుందో మా మామాకి ఇప్పటికీ అర్థం కాలే!"

దుర్గ కింద పడి నవ్వింది. కూరగాయలు పట్టుకొచ్చి అక్కడే కూర్చున్న రామాంజనేయులు గుమ్మెట మీద ఒక్కటి వేశాడు. బేబి మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడింది. పుష్పలత మాటలే తీసుకుని కథ కట్టింది గానీ, కథ ఎలా ఉందని ఆ పిల్లను ఒక్కసారీ అడగలేదు. జాలి పడడం తేలిక కాబట్టి జాలి కథ కట్టేసింది.

"సరే, అయితే నువ్వే చెప్పవే. ఆ పిల్ల ఏం చేసిందో నీ నోటితోనే చెప్పు. మార్చేద్దాం" అంది.

ఆ సాయంత్రమంతా మార్చారు. ఏడ్చే దాసి పోయి, రాణిగారి గురక వరసనుబట్టి బీరువా తీసే గడుసు దాసి వచ్చింది. రాణి కూడా మారింది. ఉత్త పిసినారి రాణి కాస్తా, ఎవరో మాయ చేస్తారని నిజంగానే భయపడే రాణి అయింది. "మా మామాకి నిజంగానే భయమక్కా. పాత పనిమనిషి చెప్పకుండా పొయ్యిందంట" అని పుష్పలతే చెప్పింది. అలా మార్చాక కథకు నవ్వులూ పెరిగాయి, బరువూ పెరిగింది. హాస్యం వంత పుష్పలతకే ఇచ్చేసి, దుర్గ రాణి వేషం కట్టింది. బుర్రకథలో వేషాలుండవని రామాంజనేయులు అడ్డుపడ్డాడు. "కువైట్ బుర్రకథలో ఉంటాయిలేరా" అని దుర్గ నోరు మూయించింది.

చలికాలం వచ్చాక ఒక శుక్రవారం ఆ కథను కబ్ద్‌లో చెప్పారు. తోటల్లో, దొడ్లలో పనిచేసే మగవాళ్ళంతా దుప్పట్లు కప్పుకుని ఇసకలో కూర్చున్నారు. తెలుగువాళ్ళే కాదు, పాకిస్తాన్ వాళ్ళూ, బంగ్లాదేశ్ వాళ్ళూ వచ్చారు. బేబి సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో అరబ్బీ కలిపి నడిపింది. రాణి గురక వింటూ పుష్పలత బీరువా తెరిచిన చోట ఒక ముసలి గొర్రెలకాపరి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఎండాకాలంలో నీడ లేని దొడ్ల గురించి రామాంజనేయులు రాజకీయం ఎత్తుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. తలలూపుతూ విన్నారు. దూరంగా కారు దగ్గర నిలబడి వింటున్న తోట యజమాని కొడుకు ఆఖర్న దగ్గరికొచ్చి, ఆ ముక్క ఏమిటో అరబ్బీలో చెప్పమన్నాడు. రామాంజనేయులు చెప్పాడు. ఆ కుర్రాడు దొడ్డి వైపు ఒకసారి చూసి, "రేకులు వేయిస్తే సరిపోతుందా, పందిరి కావాలా?" అని అడిగాడు. ఆ మాట నిలబెట్టుకుంటాడో లేదో వేసవి వస్తేగాని తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు పికప్ బండి వెనక సీట్లో తరువాతి కథ గురించి తగువు మొదలైంది. ఏజెంట్ల మీద కట్టాల్సిందేనని, వాళ్ళను దింపడానికి వచ్చిన రామాంజనేయులు. ఊళ్ళో ఫొటోలు దించుకునే మొగుళ్ళను ఊరికే వదలకూడదని దుర్గ. ఎవరి మీద కట్టినా ముందు ఆ మనిషికి వినిపించి, ఒప్పుకున్నాకే జనంలోకి తీసుకెళ్ళాలని పుష్పలత.

"ఏజెంట్‌కి ముందే వినిపిస్తే ఒప్పుకుంటాడా పిల్లా?" అన్నాడు రామాంజనేయులు.

"ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో అది గూడా కతలో పెడదాం" అంది పుష్పలత.

బేబి సొరబుర్ర ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి ఎడారి చూస్తూ అందరి మాటలూ వింది. చివరకు, "ముందా గుమ్మెట తోలు మార్చండ్రా, చలికి బిగుసుకుపోయి మేకలా అరుత్తంది" అంది. బండి సబా అల్ సలేం చేరేదాకా ఆ తగువు తెగలేదు.